కోడింగ్ రాకపోతే ఫెలోషిప్ రాదా?

పోయిన సంచికలో లైబ్రరీలు, ఆర్కైవ్‌లు ఇచ్చే డిజిటల్ హ్యుమానిటీస్ (చరిత్ర, సాహిత్యం లాంటివాటిని కంప్యూటర్ సాయంతో పరిశోధించడం) ఫెలోషిప్‌ల గురించి నాలుగు ముక్కలు రాశా, ఇన్ని ఉత్తరాలొస్తాయనుకోలేదు. అన్నీ వేయడానికి చోటు లేదు కాబట్టి ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను, ఏమనుకోవద్దు.

ప్రశ్న: మేడం, నేను ఎంఏ హిస్టరీ ఫైనల్ ఇయర్. నాకు పైథాన్ గీథాన్ ఏమీ రాదు, ఎక్సెల్ కొద్దిగా వచ్చు. ఈ ఫెలోషిప్‌లకి నాలాంటి వాళ్ళు అప్లై చేయొచ్చా? అసలు లైబ్రరీ వాళ్ళు ఎదురు డబ్బులెందుకిస్తారు? – పీజీ విద్యార్థిని, వరంగల్

ముందు రెండోదానికి చెప్తా తల్లీ, అది తెలిస్తే మొదటిదానికి జవాబు నీకే తడుతుంది. పెద్ద లైబ్రరీలు ఏళ్ల తరబడి పుస్తకాలు, పేపర్లు, మ్యాపులు లక్షల పేజీలు స్కాన్ చేసి పెట్టుకున్నాయి, బోలెడు ఖర్చు కూడా అయింది, తీరా చూస్తే వచ్చినవాళ్ళు ఒక పేజీ తెరుచుకుని చదువుకుని పోతున్నారు, ఆ పని పుస్తకం పట్టుకుని కూడా చేసేవాళ్ళేగా. వేల పేజీలు ఒకేసారి కలిపి చూస్తే తప్ప దొరకని సంగతి అడిగే మనిషి వాళ్ళకి కావాలి. అలాంటి మనిషికి కొన్నాళ్ళు స్టైపెండ్ ఇచ్చి, డేటా చేతికిచ్చి, అనుమానాలొస్తే అడగడానికి అక్కడి స్టాఫ్‌ని తోడివ్వడం, ఫెలోషిప్ అంటే ఇంతే.

ఒక ఉదాహరణ చెప్తా. బ్రిటిష్ లైబ్రరీ వాళ్ళు 2013లో మెలన్ ఫౌండేషన్ డబ్బుతో 'ల్యాబ్స్' అని ఒకటి మొదలుపెట్టి, మా డిజిటల్ కలెక్షన్లతో ఏం చేస్తారో చెప్పండి అని పోటీలు పెట్టారు. 2015లో గెలిచిన వాళ్ళలో కేట్రీనా నావికస్ ఉంది, ఆవిడ చరిత్ర ప్రొఫెసర్. ఇంగ్లండ్‌లో ఓటు హక్కు కోసం పోరాడిన చార్టిస్టులు ఉన్నారు కదా, వాళ్ళ పేపర్ పేరు నార్తర్న్ స్టార్, ఏ ఊళ్ళో ఎప్పుడు మీటింగో అందులో ప్రకటనలు వేసేవాళ్ళు. ఆ ప్రకటనలన్నీ ప్రోగ్రామ్‌తో బయటికి లాగి, ఊరు, చోటు, తేదీ విడగొట్టి మ్యాపుల మీద పెడితే ఐదు వేలకి పైగా మీటింగులు తేలాయి! ఏ పేటల్లో ఎక్కువ కలుసుకునేవాళ్ళు, ఉద్యమం ఎటు నుంచి ఎటు పాకింది అన్నది ఒక్కో ప్రకటన చదువుకుంటూ పోతే తేలేది కాదు. ఇందులో టెక్నికల్ సాయం లైబ్రరీ టీమ్ చేసింది, ప్రశ్న మాత్రం ఆవిడదే, అది చార్టిస్టుల గురించి ఏళ్ళ తరబడి చదివినవాళ్ళకే వచ్చే ప్రశ్న.

పూర్తిగా కంప్యూటర్ వాళ్ళ కోసం ఉండేవీ ఉన్నాయి, కాదనను. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇన్నోవేటర్ ఇన్ రెసిడెన్స్‌గా పనిచేసిన బెంజమిన్ లీ 2020లో కోటి అరవై లక్షలకి పైగా పాత పేపరు పేజీల్లోంచి ఫోటోలు, కార్టూన్లు, మ్యాపులు మెషీన్ లెర్నింగ్‌తో ఏరి బయట పెట్టాడు, అతను కంప్యూటర్ సైన్స్ మనిషి, అది మనవల్ల అయ్యే పని కాదు. కానీ నెదర్లాండ్స్ జాతీయ లైబ్రరీ రిసర్చర్ ఇన్ రెసిడెన్స్ చూడు, కెరీర్ మొదట్లో ఉన్న పరిశోధకుల్ని తీసుకుని వాళ్ళ డిజిటల్ టీమ్‌తో కలిపి పనిచేయిస్తారు, ప్రోగ్రామర్ సాయం వాళ్ళే ఇస్తారు. అందుకని నోటిఫికేషన్ చదివేటప్పుడు టెక్నికల్ సపోర్ట్ ఇస్తారా లేదా అన్న లైను వెతుకు, స్టైపెండ్ ఎంత అన్నది తర్వాత చూసుకోవచ్చు. ఈలోపు ఎక్సెల్ బాగా నేర్చుకుని, ఓపెన్‌రిఫైన్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఒకే పేరు పది రకాలుగా రాసి ఉంటే సరిచేయడానికి పనికొస్తుంది, అది కూడా పట్టు. చాలావాటికి పీహెచ్‌డీలో ఉండాలి, లేదా అయిపోయి ఉండాలి, కాబట్టి నీకు ఇంకా టైమ్ ఉంది.

ప్రశ్న: తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నా. "బిగ్ డేటా పద్ధతుల్లో తెలుగు సాహిత్య అధ్యయనం" అని ప్రపోజల్ రాసి రెండుచోట్లకి పంపితే రెండూ రిజెక్ట్ అయ్యాయి, కారణం కూడా చెప్పలేదు. ఏం తప్పు చేశాను? – పరిశోధక విద్యార్థి, తిరుపతి

మీరు పంపిన కాపీ చదివా. మూడు పేజీల్లో ఆ లైబ్రరీ దగ్గర ఏముందో ఒక్క లైన్ లేదు, లైబ్రరీ పేరు తీసేసి ఇంకోదాని పేరు పెట్టినా అతికిపోతుంది. ఎంపిక చేసేవాళ్ళు ముందు వెతికేది అదే, ఈ మనిషి మా దగ్గరికే ఎందుకు రావాలి అని.

ఎలా రాయాలో ఒకటి చెప్తా, మీరే వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. 1867లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది కదా, దాని ప్రకారం అచ్చైన ప్రతి పుస్తకం నమోదు చేయించాలి, మూణ్ణెల్లకోసారి ఒక్కో రాష్ట్రం లిస్టు వేసేది. మద్రాసు ప్రెసిడెన్సీ లిస్టుల్లో తెలుగు పుస్తకాలు విడిగా ఉంటాయి: పేరు, రాసినవాళ్ళు, ఏ ఊరు, ఏ ప్రెస్సు, ఎన్ని పేజీలు, ఎన్నో ముద్రణ, ఎన్ని కాపీలు, వెల ఎంత, కాపీరైట్ ఎవరిది. ఎన్ని కాపీలు అన్నది చూడండి! ఈరోజు మన పబ్లిషర్‌ని అడిగితే నిజం చెప్తాడా? ఈ లిస్టుల్ని బ్రిటిష్ లైబ్రరీ 'టూ సెంచరీస్ ఆఫ్ ఇండియన్ ప్రింట్' ప్రాజెక్ట్‌లో డిజిటైజ్ చేసింది. ఇప్పుడు మీ ప్రశ్న ఇలా మారుతుంది: 1900 నుంచి 1920 దాకా రాజమండ్రి, బెజవాడ, ఏలూరు ప్రెస్సుల్లో అచ్చైన తెలుగు పుస్తకాల్లో స్కూలు పుస్తకాలెన్ని, నవలలెన్ని, శతకాలెన్ని, అణా పుస్తకం ఎన్ని కాపీలు వేశారు, రూపాయి పుస్తకం ఎన్ని వేశారు? బిగ్ డేటా అన్న మాటే రాయక్కర్లేదు.

అక్కడితో ఆపొద్దు, ఆ లిస్టుల్లో ఏం లేదో కూడా రాయండి, నా లెక్కలో సగం మార్కులు దానికే. అవి మద్రాసు ప్రెసిడెన్సీ లిస్టులు, నిజాం రాజ్యం అందులోకి రాదు, కాబట్టి వీటిని పట్టుకుని 'తెలుగు ప్రచురణ చరిత్ర' అని టైటిల్ పెడితే హైదరాబాద్‌లో అచ్చైనవన్నీ ఎగిరిపోతాయి, తెలంగాణ వాళ్ళు ఊరుకుంటారా, ఊరుకోకూడదు కూడా. కాపీల లెక్క ప్రెస్సువాడు చెప్పిందే తప్ప ఎవరూ వెళ్ళి లెక్కపెట్టింది కాదు. రిజిస్టర్ చేయించని చిన్నాచితకా కరపత్రాలు ఉండనే ఉంటాయి. ఇవి ముందే ఒప్పుకున్న ప్రపోజల్ చూస్తే ఈ మనిషి కలెక్షన్ తెరిచి చూశాడని తెలిసిపోతుంది.

ఇంకోటి, 2023 అక్టోబర్‌లో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి ఆన్‌లైన్ సర్వీసులు చాలాకాలం ఆగిపోయాయి. కాబట్టి పాత వ్యాసంలో లింక్ ఉంది కదా అని ధీమాగా రాసేయకుండా, కావలసింది ఇవాళ తెరుచుకుంటోందో లేదో చూసుకుని, తెరుచుకోకపోతే ఆ కలెక్షన్ క్యూరేటర్‌కి నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. మొహమాటపడకండి, జవాబులివ్వడం వాళ్ళ పనిలో భాగమే.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ లైబ్రేరియన్ని. 1910, 20ల నాటి పత్రికలు కుర్రాళ్ళ సాయంతో స్కాన్ చేశాం. ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అచ్చుని వెతకడానికి వీలైన అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) పెడితే చెత్త వస్తోంది. ఈ స్థితిలో ఏ ఫెలోషిప్ వాళ్ళకైనా చూపించుకోగలమా? – ఒక పాఠకుడు, బాపట్ల జిల్లా

నమస్కారమండీ. మీరు చేసిన పని చాలామంది ఫెలోలు చేసేదానికంటే పెద్దది, ముందు అది చెప్పనివ్వండి. చెత్త రావడానికి స్కాన్ ఒక్కటే కారణం కాదు, టెస్సరాక్ట్ లాంటి ఓసీఆర్ సాఫ్ట్‌వేర్లకి తెలుగు వచ్చు గానీ ఇప్పటి ఫాంట్ల తెలుగు బాగా వచ్చు. పాత అచ్చులో అరసున్నలు, బండి ఱలు, వలపలగిలకలు (ర్ బదులు అక్షరం పక్కన వేసే గుర్తు) ఉంటాయి కదా, 'ధర్మము' అన్నది 'ధమ౯ము' అన్నట్టు ఉంటే మెషీన్ ఆ గిలకని తొమ్మిది అంకె అనుకుంటుంది, వత్తులు కింది లైనులోకి దిగిపోతాయి, సంధి కలిపి అర లైను పొడుగు మాట ఒకటే వేస్తారు. తర్వాత ధర్మం అని వెతికినవాడికి ఏమీ దొరకదు, లేదేమో అనుకుని పోతాడు.

నా సలహా ఏంటంటే వేరువేరు పత్రికల నుంచి, వేరువేరు ఏళ్ల నుంచి ఓ యాభై పేజీలు తీసి అచ్చులో ఎలా ఉందో అలాగే, ఇప్పటి స్పెల్లింగ్‌లోకి మార్చకుండా టైప్ చేయించండి. ఓసీఆర్ ఇచ్చినదాన్ని దీంతో పోల్చితే నూటికి ఎన్ని అక్షరాలు తప్పుతున్నాయో తెలుస్తుంది, మోడల్‌కి శిక్షణ ఇవ్వాలన్నా ఇలాంటి పేజీలే కావాలి. 'మా దగ్గర పాత పత్రికలున్నాయి' అంటే వినేవాళ్ళు తక్కువ, 'స్కాన్లున్నాయి, సరిచూసిన యాభై పేజీలున్నాయి, తప్పుల శాతం ఇంత' అంటే కంప్యూటర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు కూడా కూర్చుని వింటారు. స్కాన్ల అసలు ఫైళ్ళు మాత్రం ఎవరికీ ఒక్క కాపీగా ఇచ్చేయకండి, రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు ఇళ్ళల్లో పెట్టండి.

ప్రశ్న: కాపీరైట్ సంగతేంటి? – చాలామంది

మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అచ్చైన ఏడాది చూసి లెక్కేయకండి, 1930లో రాసినాయన 1990 దాకా బతికి ఉండొచ్చు. పేరు లేకుండా వచ్చినవాటికైతే ప్రచురణ నుంచి 60.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో యూనివర్సిటీలో చదువుతోంది, వాళ్ళ లైబ్రరీలో తెలుగు పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయట, ఎలా వచ్చాయంటారు? – ఒక తల్లి, డల్లాస్

గోధుమలమ్మా! పీఎల్ 480 అనే అమెరికా చట్టం కింద వాళ్ళు మనకి ధాన్యం అమ్మి రూపాయల్లో డబ్బు తీసుకున్నారు, ఆ రూపాయలు ఇక్కడే ఖర్చు పెట్టాలి, అందులో కొంతతో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీస్ ద్వారా భారతీయ భాషల పుస్తకాలు కొని షికాగో, విస్కాన్సిన్ లాంటి చోట్లకి పంపారు. అమ్మాయికి ఒకటి చెప్పండి, క్యాటలాగ్‌లో ఆ పుస్తకాలు ఎక్కువగా రోమన్ అక్షరాల్లో చుక్కలూ గీతలతో ఎక్కించి ఉంటాయి, తెలుగులో టైప్ చేస్తే దొరక్కపోవచ్చు.

ప్రశ్న: నేను డాక్టర్ని, ఉద్యోగం మానుకుని ఫెలోషిప్‌కి వెళ్ళలేను. ఇంటి నుంచే, సరదాకి ఏమైనా చేయొచ్చా? – విశాఖపట్నం

భేషుగ్గా. స్కాట్లండ్ జాతీయ లైబ్రరీకి 'డేటా ఫౌండ్రీ' అని ఉంది, అందులో 'ఎ మెడికల్ హిస్టరీ ఆఫ్ బ్రిటిష్ ఇండియా' అని కలెక్షన్ మొత్తం టెక్స్ట్‌తో సహా ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్లేగు, కుష్ఠు, టీకాలు, పిచ్చాసుపత్రుల రిపోర్టులు. మీరు డాక్టర్ కాబట్టి ఆ రిపోర్టుల్లో జ్వరం అని రాసింది ఏ జ్వరమై ఉంటుందో మాకంటే బాగా పట్టుకుంటారు. వెతికేటప్పుడు ఊళ్ళ పేర్లు ఇప్పటి స్పెల్లింగ్‌లో కొట్టకండి, మచిలీపట్నం అప్పట్లో మసులిపటం, కడప కడ్డపా, మీ విశాఖ వైజాగపటం, పైగా ఓసీఆర్ వీటిని ఇంకో రెండు మూడు రకాలుగా పాడుచేసి ఉంటుంది, దొరికిన ప్రతి రూపం ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. ఫైళ్ళు పెద్దవి, నైట్ డ్యూటీకి వెళ్తూ డౌన్‌లోడ్ పెట్టేసి వెళ్ళండి.