పెట్టె విప్పగానే పలకాలి

చిరంజీవికి ఆశీస్సులు.

క్రిస్మస్ గిరాకీకి యుకులేలేలు, బాంజోలు తెప్పించావట, సంతోషం. ఇవి కానుకగా పోయే వాద్యాలు నాయనా. కొనేది ఒకరు, వాయించేది ఇంకొకరు. ఇంట్లో పెట్టె విప్పాక శ్రుతి చేసిపెట్టే దిక్కు ఉండకపోవచ్చు. అందుకని వచ్చిన సరుకును వచ్చినట్టే అమ్మకు.

యుకులేలే చిన్న గిటార్ లాంటిది, దానికి నాలుగు నైలాన్ తీగలు. కొత్తవి కొన్నాళ్ళు సాగుతూనే ఉంటాయి, శ్రుతి దిగిపోతూనే ఉంటుంది. కొన్నవాళ్ళు సరుకే నాసిరకమనుకుని జనవరిలో తిరిగి తెస్తారు. వారం ముందే పెట్టెలు విప్పి, ఒక్కో తీగనూ వేలితో మెల్లగా పైకి లాగి వదిలి, జి, సి, ఇ, ఎ స్వరాలకు శ్రుతి చెయ్యి. రోజుకి రెండుసార్లు చేస్తూ ఉంటే వారంలో చాలావరకు నిలబడుతుంది. పై జి తీగ, పక్కనున్న సి కన్నా హెచ్చు స్వరం. అది తప్పు కాదని కొనేవాళ్ళకి చెప్పి పంపు.

నట్‌ని మాత్రం తీరిగ్గా చూడు, అదే మెడ కొసన తీగలు కూర్చునే గాళ్ళ ముక్క. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలే ఫ్రెట్లు. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్ మీద సందు ఎంతుందో గమనించు. వెంట్రుకంత చాలు. ఎక్కువుంటే మొదటి ఫ్రెట్‌లో అపస్వరం పలుకుతుంది, చిన్నపిల్లల వేళ్ళు నొప్పి పుడతాయి. సన్న ఆకురాయితో గాడిని కొద్దికొద్దిగా దించు. మరీ దిగితే తీగ ఫ్రెట్‌కి తగిలి జరజరమంటుంది, ఇక నట్ మార్చాల్సిందే.

పసివాళ్ళకి 21 అంగుళాల సోప్రానో, పెద్ద చేతులకి 23 అంగుళాల కాన్సర్ట్ లేదా 26 అంగుళాల టెనర్. బారిటోన్ అనే ఇంకా పెద్దదాని శ్రుతి వేరు, మామూలు యుకులేలే పుస్తకంలోని వేళ్ళ బొమ్మలతో కుదరదు. అడిగినవాళ్ళకే ఇవ్వు. స్టీలు తీగలు ఎవరడిగినా వెయ్యకు, ఒంటి మీద తీగల్ని మోసే ముక్క, అదే బ్రిడ్జ్, ఊడొస్తుంది.

బాంజో అంటే డప్పులా చర్మం బిగించిన గుండ్రటి ఒళ్ళున్న తీగల వాద్యం. అది అడిగితే నాలుగు తీగలదా, ఐదు తీగలదా అన్నది ముందు తేల్చుకో. నేర్చుకునే పాఠాలు వేరు, ఒకదానికి బదులు ఇంకోటి పనికిరాదు. వెనక రెజొనేటర్ అనే మూత ఉన్నది బాగా బరువు, పిల్లలకి వెనక తెరిచి ఉన్నదే మేలు.

బాంజో బ్రిడ్జ్ అతికించి ఉండదు, తీగల బిగువుకే నిలబడుతుంది. తీగలన్నీ ఒకేసారి వదులు చేస్తే పడిపోతుంది. 12వ ఫ్రెట్ మీద వేలు ఊరికే తాకించి మీటినా, నొక్కి మీటినా ఒకే స్వరం రావాలి. నొక్కినప్పుడు హెచ్చితే బ్రిడ్జ్‌ని తీగలు కట్టిన కొన వైపు జరుపు, తగ్గితే మెడ వైపు. కుదిరాక దాని కాళ్ళ పక్కన పెన్సిల్‌తో సన్నగా గుర్తు పెట్టు, ఇంట్లో జరిగిపోయినా వాళ్ళే సర్దుకుంటారు. చర్మం వదులైతే మోత మందగిస్తుంది. దాన్ని బిగించే మర నట్లను ఎదురెదురుగా పావు చుట్టుకి మించకుండా తిప్పుతూ చుట్టూ రా. ఒక పక్కే బిగిస్తే చర్మం చిరగొచ్చు.

ప్రతిదానికీ క్లిప్ ట్యూనర్, అదే వాద్యానికి తగిలించి శ్రుతి చూసుకునే చిన్న పరికరం, జతచెయ్యి. బ్యాటరీ కింది ప్లాస్టిక్ ముక్క లాగేసి, వెలుగుతోందని చూశాకే పెట్టెలో పెట్టు.