నైన్త్ గ్రేడ్ అబ్బాయితో కాలేజీ బేస్‌బాల్ చూడటానికి వెళ్లేవాళ్లకు

మీరు అడిగింది ఇదీ: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నారు, అబ్బాయి నైన్త్ గ్రేడ్, క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు). స్ప్రింగ్ బ్రేక్‌లో కాలేజీలు చూపిద్దామని కోచ్‌లకు మెయిల్ పెడితే ఒక్కరూ పలకలేదు, ఇక వెళ్లి లాభమేమిటని.

పలకకపోవడానికి కారణం రూలండీ. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏలో పై స్థాయి డివిజన్ వన్, ఆ కోచ్‌లు లెవెన్త్ గ్రేడ్‌లోకి వెళ్లే ఏడు ఆగస్టు 1 దాకా రిక్రూటింగ్ (జట్టులోకి తీసుకోవడం) మాట ఎత్తకూడదు, మెయిల్‌లో అయినా, ఫోన్‌లో అయినా, వాళ్ల క్యాంపులో ఎదురుపడినా సరే. అప్పటిదాకా వచ్చేది క్వశ్చనేర్, క్యాంపు బ్రోషర్ లాంటివే. ఆ బ్రోషర్ చూసి మనవాడు కోచ్ కళ్లలో పడ్డాడని పొంగిపోకండి. అది వందలమందికి వెళ్తుంది, క్యాంపు ఫీజు కట్టేది మీరే. ఈ వయసులో వెళ్లేది ఆ స్థాయి ఎలా ఉంటుందో పిల్లాడు చూసుకోవడానికి. దానికి టికెట్ కొనుక్కుంటే చాలు.

మీకు కలిసొచ్చేదేమిటంటే అన్నీ ఐ-35 హైవే మీదే ఉన్నాయి. వేకోలో బేలర్ యూనివర్సిటీ (డివిజన్ వన్) ఉంది, అదే ఊళ్లో మెక్లెనన్ అనే జూనియర్ కాలేజీ, అంటే రెండేళ్ల కాలేజీ ఉంది (2021లో జూనియర్ కాలేజీల జాతీయ చాంపియన్). అక్కణ్నుంచి ఆస్టిన్‌లో టెక్సాస్ యూనివర్సిటీ (ఇదీ డివిజన్ వన్), ఇంకో 80 మైళ్లు పోతే శాన్ ఆంటోనియోలో ట్రినిటీ, అది డివిజన్ త్రీ. పెద్ద స్టేడియాలే చూపించి తీసుకురాకండి. మూడు స్థాయిలూ ఒకే వారంలో చూస్తేనే తేడా తెలుస్తుంది. హోటల్ బుక్ చేసేముందు ఆ రోజు హోమ్ గేమ్ ఉందో లేదో చూసుకోండి. వాన సూచన ఉంటే టైములు ముందుకో వెనక్కో జరుపుతారు, కాబట్టి బయల్దేరేరోజు పొద్దున మళ్లీ చూడండి. స్టేడియాల్లో చాలాచోట్ల పారదర్శకమైన బ్యాగే లోపలికి రానిస్తారు.

శుక్రవారం మామూలుగా జట్టులోని అత్యుత్తమ పిచ్చర్ వేస్తాడు. మంగళవారం ఆటలో ఫ్రెష్‌మన్లకు (మొదటి ఏడువాళ్లకు) అవకాశం దొరుకుతుంది. వీలైతే రెండూ చూడండి, మీవాడు మూణ్నాలుగేళ్లలో ముందు నిలబడాల్సింది ఆ మంగళవారం ఆటలోనే.

గేట్లు తెరవగానే లోపలికెళ్లి హోమ్ ప్లేట్ వెనక కూర్చోండి, స్టాప్‌వాచ్ పిల్లాడి చేతికివ్వండి. బంతి క్యాచర్ మిట్‌లో టప్పుమన్నప్పుడు నొక్కాలి, సెకండ్ బేస్ దగ్గర గ్లవ్‌లో పడగానే ఆపాలి. ఆ దూరం 127 అడుగుల పైచిలుకు. మంచి కాలేజీ క్యాచర్‌కు 2.0 సెకన్ల దగ్గర వస్తుంది. మీవాడిది 2.3 అనుకోండి, ఆ 0.3 సెకనులో రన్నర్ ఎనిమిది అడుగులు పోతాడు. ఇన్నింగ్స్ మధ్య వార్మప్ త్రో ముందే తెలిసి వేసేది కాబట్టి కాస్త బాగా వస్తుంది, రన్నర్ నిజంగా స్టీల్ చేసినప్పుడు (పిచ్చర్ బంతి వేస్తుండగా తర్వాతి బేస్‌కు పరిగెత్తినప్పుడు) కొలిచిందే లెక్క. అవుట్‌ఫీల్డ్ వైపు కూర్చుంటే చప్పుడు ఆలస్యంగా చేరి లెక్క తప్పుతుంది. ఆట మొదలవడానికి ముందు ఇన్‌ఫీల్డ్-అవుట్‌ఫీల్డ్ ప్రాక్టీసుంటుంది, అది మిస్సవకండి. స్ట్రయికౌట్ అయినవాడు డగౌట్‌కు తిరిగొచ్చాక ఏం చేస్తాడు, బెంచీ మీదున్నవాళ్లు రెయిలింగ్ దగ్గర నిలబడి అరుస్తున్నారా, ఫోకస్ పోయి కబుర్లలో ఉన్నారా అన్నదీ గమనించమనండి.

ఇంటికొచ్చాక అసలు పని రోస్టర్‌తో, అంటే జట్టు ఆటగాళ్ల జాబితాతో. టీమ్ వెబ్‌సైట్‌లో పాత ఏళ్ల రోస్టర్లూ ఉంటాయి. వరుసగా మూడేళ్లవి తెరిచి క్యాచర్లను మాత్రమే రాసుకోండి. ఎవరు హైస్కూల్ నుంచి నేరుగా వచ్చారు, ఎవరు జూనియర్ కాలేజీ నుంచో వేరే యూనివర్సిటీ నుంచో వచ్చారు చూడండి. ఒక ఏడు ఫ్రెష్‌మన్‌గా ఉన్న పేరు మరుసటేడు కనిపించకపోతే దాదాపుగా వెళ్లిపోయినట్టే. అలాంటివి ఏటా కనిపిస్తే ఆ చోటు గురించి కోచ్ మాటలకన్నా అదే ఎక్కువ చెబుతుంది. 2025-26 నుంచి ఆటగాళ్లకు కాలేజీలు ఆదాయంలో వాటా ఇచ్చే కొత్త ఒప్పందంలో చేరిన డివిజన్ వన్ స్కూళ్లలో రోస్టర్ 34 మందికే పరిమితం. వేరే కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్లు పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ కూడా ఉంది కాబట్టి పద్దెనిమిదేళ్లవాడికి చోటు ఇంకా ఇరుకైంది. జూనియర్ కాలేజీని చిన్నచూపు చూడకండి అనేది ఇందుకే.

డబ్బు సంగతి: డివిజన్ త్రీలో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, మార్కుల మీదా ఆదాయం మీదా ఇచ్చేదే. డివిజన్ వన్‌కు హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో 2.3 జీపీఏ కనీసం కావాలి. ఆ కోర్సుల్లో పది ట్వెల్త్ గ్రేడ్ మొదలయ్యేలోపే పూర్తవ్వాలి, అందుకని నైన్త్‌లో వచ్చిన సీ గ్రేడు కూడా వెంటాడుతుంది. మీరు హెచ్-1బీ మీద ఉంటే అబ్బాయి హెచ్-4 కదా, పనికి అనుమతి లేదు. ఎన్‌ఐఎల్ డబ్బు (ఆటగాడి పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చేది) ప్రస్తావన వచ్చిన రోజు సంతకానికి ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

ఆగస్టు 1 తర్వాత పెట్టే మెయిల్ మాత్రం అబ్బాయే రాయాలి, మీరు కాదు. గ్రాడ్యుయేషన్ ఏడు, పొజిషన్, ఎత్తు, బరువు, జీపీఏ, కొలిచిన త్రో టైము, రెండు నిమిషాల వీడియో లింకు, ఇంతే. డెడ్ పీరియడ్ అని ఎన్‌సీఏఏ ప్రకటించే రోజుల్లో క్యాంపస్‌కు వెళ్లినా కోచ్ ఎదుటపడి మాట్లాడకూడదు, తేదీలు చూసుకుని బయల్దేరండి. కలిసినప్పుడు మొదటి ఐదు నిమిషాల్లోనే స్కాలర్‌షిప్ ఎంత అని అడిగే అలవాటు మన ఇళ్లల్లో ఉంది, ఆ ప్రశ్నను పిల్లాడు మాట్లాడటం అయ్యేదాకా ఆపుకోండి.