హీలియం గుంటూరులో బయటపడిందన్న మాట నిజమేనా?

కొంతవరకు నిజమే గాని, ఆ ఘనత ఒక్క ఊరిదీ, ఒక్క మనిషిదీ కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం కోసం గుంటూరు వచ్చిన ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్, చీకటి కమ్మిన ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుని అంచున ఎగసిన ఎర్రటి జ్వాలల వెలుగును, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినితో పరిశీలించగా, మిలమిలలాడే గీతలు కనిపించాయి. అవి ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చునని ఆయనకు అక్కడికక్కడే తట్టింది. మర్నాడు చూశారు కూడా. గుంటూరుకు దక్కవలసిన అసలు గౌరవం ఇదేనని నా అభిప్రాయం.

అదే గ్రహణాన్ని మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నం నుంచి పరిశీలించారు. అయితే, ఒక్కో మూలకానికి తనవే అయిన గీతలుంటాయి; జ్వాలల వెలుగులో కనిపించిన గీతల్లో పసుపుపచ్చనిది సోడియం గీతలకు చేరువలో ఉన్నా సోడియానిది కాదని తేల్చి, అది భూమిపై ఎవరూ ఎరుగని మూలకానిదని ప్రతిపాదించినవారు ఇంగ్లండులోని నార్మన్ లాకియర్. సూర్యునికి గ్రీకు పేరైన 'హీలియోస్' నుంచే హీలియం అన్న పేరు వచ్చింది. చాలామంది రసాయన శాస్త్రవేత్తలు దానిని నమ్మలేదు. చివరకు 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజాన్ని ఆమ్లంతో చర్య జరిపించగా వెలువడిన వాయువులో అదే పసుపు గీత కనిపించింది.