అమ్మాయి ప్రోలాగ్ అంటోంది, ఏఐ కోర్సులో చేర్చమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి విజయనగరంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. తోటి పిల్లలంతా ఏఐ కోర్సుల్లో చేరుతుంటే తను 'యూనిఫికేషన్, ఆటోమేటెడ్ రీజనింగ్' అంటూ కూర్చుంటోంది. విశాఖలో ఆరు నెలల ఏఐ కోర్సుకి లక్ష పైనే అడుగుతున్నారు. రెంటిలో ఏది మేలు?
– ఒక తండ్రి, నరసన్నపేట

జవాబు: మీరు అడిగింది పోలిక. మీ భయం మాత్రం వేరు: నలుగురితో పాటు పోకపోతే పిల్ల వెనకబడిపోతుందేమోనని. టెన్షన్ పడకండి, ఆమె దారి తప్పలేదు.

అసలు ఏం చదువుతోందో ఒక్కసారైనా అడిగారా? ఫీజు కనుక్కోవడానికి విశాఖ దాకా వాకబు చేశారు గానీ, ఇంట్లో ఉన్న పిల్లని అడగలేదు! నేను చెప్తాను. యూనిఫికేషన్ అంటే రెండు పదాలని ఒకటి చేయడం. 'ఇష్టం(ఎక్స్, పనస)', 'ఇష్టం(సీత, వై)' అని రెండు పదాలు ఇస్తారు. ఎక్స్, వైల చోట ఏం పెడితే రెండూ ఒకటవుతాయి? ఎక్స్‌కి సీత, వైకి పనస. ఇంతేనా అనిపిస్తుంది. మరి ఎక్స్, ఎఫ్(ఎక్స్) రెండూ ఒకటి కావాలంటే? ఎక్స్ చోట ఎఫ్(ఎక్స్) పెడితే లోపల మళ్లీ ఎక్స్ మిగులుతుంది, ఎన్నిసార్లు పెట్టినా తెగదు. అందుకే చలరాశి తన విలువలో తానే ఉందేమో ముందు చూసుకోవాలి. వేగం కోసం ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాష మామూలుగా ఆ తనిఖీ వదిలేస్తుంది, దాంతో ఒక్కోసారి తప్పు జవాబులు వస్తాయి. ఇలాంటివి ఇష్టంగా చదివే పిల్లని మీరు 'కూర్చుంటోంది' అంటున్నారు.

1965లో రాబిన్సన్ అనే తర్కశాస్త్రవేత్త ఈ పద్ధతిని యంత్రాలతో రుజువులు చేయించడానికి వాడాడు. ఆటోమేటెడ్ రీజనింగ్ అంటే అదే. హాస్కెల్, ఓకామెల్ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో టైపులు (ఏది అంకె, ఏది అక్షరం అనే రకాలు) మనం రాయకపోయినా కంపైలర్ కనిపెట్టేది దీనితోనే.

ఇక ఆరు నెలల ఏఐ కోర్సుల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. చాలాచోట్ల నేర్పేది ఎవరో రాసిన కోడ్ లైబ్రరీని నాలుగు లైన్లలో వాడుకోవడం. ఆ మోడల్ ఎందుకు తప్పు చెప్పిందని అడిగితే పిల్లలు నీళ్లు నములుతారు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా లేకుండా లక్ష కట్టి ప్రయోజనం లేదు. పైగా అందరి రెజ్యుమేలోనూ అవే మూడు ప్రాజెక్టులు. ఏఐ పనికిరాదని కాదు సుమా. 2024లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల ఏఐ ఆల్ఫాప్రూఫ్ గణిత ఒలింపియాడ్ లెక్కలకి రుజువులు రాసింది లీన్ అనే, రుజువుల్ని యంత్రం సరిచూసే భాషలో. ఆ లీన్ లోపలా యూనిఫికేషన్ ఉంది.

ఉన్నమాట చెప్పాలి. మన జిల్లాల్లో క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు యూనిఫికేషన్ అడగవు. నేరుగా దీని మీద ఉద్యోగాలు తక్కువ. చిప్ కంపెనీల్లో ఫార్మల్ వెరిఫికేషన్, అంటే డిజైన్‌లో తప్పు లేదని గణితంతో రుజువు చేసే పని ఉంది. 1994లో పెంటియమ్ చిప్‌లో భాగహారం తప్పు ఇంటెల్‌కి 47.5 కోట్ల డాలర్ల ఖర్చు తెచ్చాక దాని విలువ బాగా తెలిసొచ్చింది. కానీ అక్కడికి చేరాలంటే తరచూ ఎమ్మెస్సీయో ఎంటెకో కావాలి. గేట్ సంగతి మీకు తెలిసిందే. చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్సీకి వాళ్ల ప్రవేశపరీక్ష వేరే ఉంటుంది, ఇలాంటి పిల్లలకి నేను ముందు చెప్పేది అదే.

కోర్సు డబ్బు కట్టకండి. పైథాన్, డేటా స్ట్రక్చర్స్ మాత్రం రోజూ గంట చెయ్యాలని అమ్మాయికి నా మాటగా చెప్పండి, ప్లేస్‌మెంట్ పరీక్షకి అవి తప్పవు. నాలుగో ఏడాది ప్రాజెక్టుగా చిన్న ప్రోగ్రామింగ్ భాషకి టైప్ చెకర్ (టైపులు సరిగ్గా ఉన్నాయో చూసే ప్రోగ్రామ్) రాయమనండి, చలరాశి తన విలువలో తానే ఉందేమో చూసే ఆ తనిఖీ మానకుండా.