కొడుక్కి 18 నిండాయి, తల్లి సంతకం ఇక చెల్లదు

ప్రశ్న: మాది మల్కాజిగిరి. అబ్బాయికి 20 ఏళ్లు, పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. 18 నిండగానే స్పెషల్ స్కూల్లో మానిపించేశారు. మావారు పోయి ఏడాదైంది. వాడి పేరున ఉన్న ఎఫ్‌డీ తీయబోతే బ్యాంకులో గార్డియన్ కాగితం అడుగుతున్నారు. ఇన్నేళ్లూ అన్నం తినిపించిన కన్నతల్లికి కాగితమేంటి? సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఉంది కానీ గడువు దాటింది. మామగారి ఇంట్లో మా వాటాకు నేను సంతకం పెట్టి, వాడితో వేలిముద్ర వేయిస్తే డబ్బిస్తానని మరిది అంటున్నాడు. ఏం చేయను?

జవాబు: అమ్మా, అన్నం ఎవరు తినిపించారని బ్యాంకు అడగదు, కోర్టూ అడగదు. వాడి తరఫున సంతకం పెట్టే అధికారం మీకు ఎవరిచ్చారు, ఇదొక్కటే అడుగుతాయి. వాడికి 18 నిండిన రోజుతో తల్లిగా మీకున్న ఆ అధికారం పోయింది, వైకల్యం ఉన్నా అంతే. బ్యాంకు తప్పేం లేదు.

దారి ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం 14వ సెక్షన్ కింద కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది. మీరు వెళ్లాల్సింది మేడ్చల్–మల్కాజిగిరి కలెక్టరేట్‌కి, హైదరాబాద్‌కి కాదు. దరఖాస్తుకి ఆఖరి తేదీ అంటూ లేదు, కానీ కేసంతా మీ సర్టిఫికెట్ మీదే ఆధారపడి ఉంది. ఈ కమిటీ పరిధి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు, ఈ నాలుగే. సర్టిఫికెట్‌లో 'మానసిక వ్యాధి' అని రాసుంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. గడువు దాటిన కాగితాన్ని బీరువాలో పెట్టుకుని కూర్చోవడం ఏం పద్ధతి? ఈ వారంలోనే రెన్యువల్‌కి పెట్టండి, ఏ పేరు రాశారో అక్కడే చదివించుకోండి. స్కూలు రికార్డులు, చిన్నప్పటి డాక్టర్ చీటీలు, అన్నీ ఒక ఫైల్లో పెట్టండి.

వేలిముద్ర సంగతి గట్టిగా చెప్తున్నా, వేయించొద్దు. రాసిచ్చేదేమిటో అర్థం కాని మనిషి చేసిన ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు, మనిషి పరిస్థితి చూసి సబ్‌రిజిస్ట్రార్ ఆపేయాలి కూడా. ఒకవేళ ఎలాగో రిజిస్టర్ అయిపోతే రద్దుకి దావా వేయాలి, దానికి విషయం తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లే గడువు. కాలపరిమితి చట్టం 6వ సెక్షన్ మీ వాడి వరకు ఆ గడువుని ఆపుతుంది, మీకు మాత్రం ఆపదు. అదే పత్రం మీద సంతకం పెట్టి, దగ్గరుండి వేలిముద్ర వేయించిన తల్లి రేపు అది మోసం అంటే ఎవరు నమ్ముతారు? మరిది ఫోన్ మెసేజ్‌లు ఉంటే చెరిపేయకండి. ఇల్లు ఎవరి పేరున ఉందో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి. వాటా సంగతి గార్డియన్ ఉత్తర్వు చేతికొచ్చాకే మాట్లాడదాం.

ఉత్తర్వు వచ్చాక 6 నెలల్లో వాడి ఆస్తుల జాబితా, ఏటా మార్చి తర్వాత 3 నెలల్లోపు లెక్కలు కమిటీకి ఇవ్వాలి. ఎఫ్‌డీ డబ్బు వాడిది, మీది కాదు, ప్రతి ఖర్చుకీ రసీదు ఉండాలి.

స్కూలు విషయానికొస్తే, ఉచిత చదువు హక్కు 18 వరకే, వాళ్లతో గొడవపడి లాభం లేదు. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకి వాణ్ణి తీసుకెళ్లి పెద్దవాళ్లకిచ్చే పని శిక్షణ గురించి అడగండి. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమాకి కూడా దరఖాస్తు పెట్టండి, లక్ష వరకు వైద్యం ఖర్చు వస్తుంది. ముందు ఆ సర్టిఫికెట్ పని చూడండి.