వారానికి ఎన్ని రోజులు బరువులు ఎత్తాలి?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, బరువు 64 కిలోలు. ఉండేది కూకట్‌పల్లి హాస్టల్లో, ఉద్యోగం మాదాపూర్‌లో. జిమ్‌లో చేరి నాలుగు నెలలైంది. ట్రైనర్ ఆరు రోజుల చార్ట్ ఇచ్చారు, సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, బుధవారం కాళ్లు, ఇలా రోజుకో భాగం. షిఫ్టుల వల్ల వారంలో రెండు రోజులు ఎలాగూ పోతాయి. కండ పెద్దగా రాలేదు. మూడు రోజులే వెళ్తే కుదరదా?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కుదురుతుంది. అసలు మీకు ఆరు కంటే మూడే మేలు.

మీ చార్ట్‌లో ఒక్కో కండకు వారంలో ఒక్కసారే పని పడుతోంది, అందులో షిఫ్టు మారి ఆ బుధవారం కాస్తా పోయిందంటే కాళ్లకు మళ్లీ పని తగిలేది 14 రోజుల తర్వాతే. బరువులెత్తాక కండ కొత్త ప్రోటీన్ కట్టుకునే పని జోరుగా సాగేది ఒకటి రెండు రోజులే, ఆ తర్వాత మామూలుకు వచ్చేస్తుంది. అందుకే ప్రతి కండకూ వారంలో కనీసం రెండుసార్లు పని చెప్పాలి. ఇక లెక్క పెట్టాల్సింది జిమ్‌కి వెళ్లిన రోజుల్ని కాదు, ఆ కండకు వారం మొత్తంలో పడిన గట్టి సెట్లని (ఆగకుండా వరసగా ఎత్తి దించేదంతా కలిపి ఒక సెట్). పెద్ద కండలకు పది దాకా పడితే మీ దశలో బాగా సరిపోతుంది, అవి రెండు రోజుల్లో చేసినా నాలుగు రోజుల్లో చేసినా తేడా పెద్దగా ఉండదు. గట్టి సెట్ అంటే, దించేటప్పటికి ఇంకో రెండు మూడు రెప్స్‌కి (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) మించి నా వల్ల కాదు అనిపించాలి. సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు నిమిషాలు ఆగండి.

సోమ, బుధ, శుక్రవారాల్లో ఒళ్లంతా చేయండి: స్క్వాట్, బెంచ్ ప్రెస్, రో (బరువును పొట్ట వైపు లాగడం), షోల్డర్ ప్రెస్, లాట్ పుల్‌డౌన్ (పైనున్న బార్‌ని ఛాతీ దాకా కిందికి లాగడం), ఒక్కోటి మూడు సెట్లు, ఎనిమిది నుంచి పన్నెండు రెప్స్. గంటలో అయిపోతుంది, ఓపికుంటే చివర్లో బైసెప్స్ చేసుకోండి. ఒక రోజు పోయినా ప్రతి కండకూ ఇంకా రెండు రోజులు మిగులుతాయి కాబట్టి టెన్షన్ లేదు. ఎంత ఎత్తారో ప్రతిసారీ రాసుకోండి, మూడు సెట్లలోనూ ఫామ్ (చేసే తీరు) చెడకుండా పన్నెండు వచ్చాయంటే మరుసటిసారి రెండున్నర కిలోలు పెంచండి. నాలుగు నెలలుగా అదే డంబెల్ పట్టుకుంటే ఎన్ని రోజులు వెళ్లినా కండకు పెరగాల్సిన అవసరం ఏముంటుంది?

తిండి సంగతి మీరు రాయలేదు, నాకైతే అనుమానం అక్కడే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు పెద్దవాళ్లకు చెప్పేది కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్, కండ పెరగాలంటే 1.6 దాకా కావాలి, అంటే మీకు సుమారు 100 గ్రాములు. హాస్టల్ పప్పుచారుతో అది రాదు. గుడ్డుకి ఆరు గ్రాములు, 50 గ్రాముల మీల్ మేకర్‌లో పాతిక దాకా ఉంటాయి, పైన పెరుగు, శనగలు, వీలైన రోజు చికెన్. పౌడర్ కొనక్కర్లేదు. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి. నైట్ షిఫ్ట్ దిగి నిద్ర లేకుండా నేరుగా జిమ్‌కి వెళ్లకండి, పడుకుని లేచి సాయంత్రం వెళ్లండి.

ప్రశ్న: అమ్మకు 54 ఏళ్లు. ఈ వయసులో బరువులు ఎత్తొచ్చా?
– ఓ పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: తప్పకుండా ఎత్తాలి. వారానికి కనీసం రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామం చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ చెబుతోంది, నెలసరి ఆగాక ఎముకలు పలచబడతాయి కాబట్టి ఆవిడకి ఇంకా అవసరం. బీపీ, మోకాళ్ల నొప్పి ఉంటే డాక్టర్‌కి చెప్పి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడంతో మొదలుపెట్టించండి, అది తేలికయ్యాక చేతిలో రెండు కిలోల డంబెల్ పెట్టండి.