స్పీకర్ కొనే ముందు నీ రూమ్ వైఫై చూసుకో తమ్ముడూ

చిత్తూరు నుంచి డల్లాస్ వచ్చి మూడు వారాలే అయింది, పోర్టబుల్ స్మార్ట్ స్పీకర్ (పిలిస్తే పలికేది, చేత్తో తీసుకుపోయేది) కొనాలి, దేంట్లో సౌండ్ బాగుంటుందన్నా అని అడిగినావు. సౌండ్ గురించి చెప్తా గానీ ముందు నువ్వుండే చోట వైఫై ఎట్లాంటిదో చూడు. ఫోన్లో ఉత్త పాస్‌వర్డ్ కొడితే కనెక్ట్ అయిపోతే ఇబ్బంది లేదు, అట్ల కాకుండా ఒక పేజీ తెరుచుకుని యూజర్ ఐడీ అడిగితే మాత్రం ఆగు, స్పీకర్‌కి స్క్రీన్ ఏదీ, అది ఆ పేజీలో ఏం కొడుతుంది? యూనివర్సిటీ హాస్టళ్లలో, కొన్ని అపార్ట్‌మెంట్లలో ఇదే బాధ. నేను వచ్చిన కొత్తలో ఇది చెప్పేవాళ్లు లేక కొనేసి, రాత్రి పన్నెండు దాకా దాంతో తంటాలు పడి మరుసటి రోజు వాపస్ ఇచ్చొచ్చినా.

ఇంకోటి, వీటిల్లో చాలావాటికి పిలిస్తే పలికేది వైఫై ఉంటేనే. పార్కుకి తీసుకుపోతే మామూలు బ్లూటూత్ స్పీకర్ అయిపోతాయి. పేర్లు కూడా జాగ్రత్తగా చదువు. 2021లో వచ్చిన సోనోస్ కంపెనీ రోమ్ స్పీకర్‌లో మైక్ ఉంటుంది, ఆ తర్వాత ఏడాది వచ్చిన రోమ్ ఎస్ఎల్‌లో మైకే లేదు, అంటే పిలిచినా దానికి వినపడదు, చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

ఇప్పుడు సౌండ్. షాపులో వాళ్లు పెట్టే పాట విని కొనొద్దు, అది బేస్ దంచేటట్టు ఏరి పెట్టుకున్న పాట. నీ ఫోన్ కనెక్ట్ చేయనిస్తారా అని అడుగు. అన్నమయ్య కీర్తన ఒకటి పెట్టి వాల్యూమ్ బాగా తగ్గించి విను, మాట స్పష్టంగా తెలుస్తా ఉండాలి, ఎందుకంటే రూమ్మేట్ పడుకున్నప్పుడు నువ్వు వినేది ఆ వాల్యూమ్‌లోనే. తర్వాత బాగా పెంచు. మృదంగంలో ఎడమ చేతి దెబ్బ గుమ్ అని విడిగా వినపడాలి, చిన్న స్పీకర్లు గట్టిగా పెట్టేకొద్దీ బేస్‌ని వాటంతట అవే తగ్గించేసుకుంటాయి కాబట్టి కొన్నిట్లో ఆ గుమ్ పలచబడిపోతుంది. ఆఖర్న సన్నాయి పెట్టు, మన పెళ్లిళ్లలో వినే సన్నాయే, పై స్థాయికి పోయినప్పుడు చెవిలో గుచ్చినట్టుంటే ఆ స్పీకర్ నాకొద్దు. అరకిలో కూడా లేని డబ్బాలో రెండు వైపుల నుంచి వేరేగా వినపడే స్టీరియో ఆశించొద్దు, గొంతు బాగుంటే చాలు. ఈడ అపార్ట్‌మెంట్లు ఎక్కువగా చెక్కతో కట్టినవి, బేస్ నేరుగా కింద ఇంటికి దిగుతుంది, నేల మీద పెట్టొద్దు.

అమ్మకి కూడా ఒకటి పంపాలన్నావు కదా. పోయిన సారి నేను తిరుపతికి ఒకటి తీసుకుపోయినా. ఛార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడు, ఈడ 120, మన ఊర్లో 230. ప్లగ్ పిన్నులు కూడా వేరే. బ్యాటరీ ఉండేది కాబట్టి విమానంలో చేతి బ్యాగులోనే పెట్టుకో. స్పీకర్లో మనకి జవాబిచ్చే అమెజాన్ అలెక్సాకి ఇంగ్లిష్, హిందీ వచ్చు గానీ తెలుగులో మాట్లాడదు, మా అమ్మ రెండు రోజులు పిలిచి పిలిచి విసిగిపోయి బటన్లే నొక్కుతానన్నది. ఆ బటన్లేమో పైన నున్నగా, చేతికి తగలకుండా ఉండాయి, తెల్లారుజామున దేవుడి గూటి దగ్గర చీకట్లో ఏది ఏదో తెలీదు. అమ్మే ఒక బొట్టుబిళ్ల తీసి ప్లే బటన్ మీద అతికించింది. ఇప్పుడు వేలు పెట్టి తడిమి, బొట్టుబిళ్ల తగలగానే నొక్కుతుంది, సుప్రభాతం మొదలవుతుంది. అందుకే చెప్తా ఉండా, పెద్దవాళ్లకైతే కళ్లు మూసుకుని బటన్లు తడిమి చూసి కొను.

రిటర్న్ గడువు షాపుని బట్టి 15 రోజులో 30 రోజులో ఉంటుంది, బిల్లు మీద చూసుకో. అది దాటేదాకా అట్టపెట్టె పారేయకుండా మంచం కింద పెట్టు.